గురువారమే రాసిన తీర్మానం

పోయిన వారం మనం ఎలునెడ్ ప్రోబర్ట్‌ని వంటింట్లో, కొడుకు రాసిన ఉత్తరం ముందు పెట్టుకుని కూర్చున్నచోట వదిలి వచ్చాం. కొడుకు ఇద్రిస్ కువైట్ ఎడారిలో ఉన్నాడు. బ్రిటిష్ సైన్యంలో బళ్ళు బాగుచేసే పని వాడిది. ఇరాక్ సరిహద్దు అక్కడికి గంట ప్రయాణం. ఉత్తరంలో వాడు రాసినవి రెండే సంగతులు. తినే ప్రతి ముద్దలో ఇసుక తగిలి పళ్ళు అరిగిపోతున్నాయని ఒకటి. హ్యూ మామయ్య శనివారం మీ మీటింగుకి వస్తాడుగా, అసలు మేమిక్కడికి ఎందుకొచ్చామో అడిగి రాయమని ఇంకొకటి.

"ఆఫీసరు కాగితం చూసి చదువుతాడమ్మా. అర్థం కాలేదంటే మళ్ళీ అదే కాగితం ఇంకాస్త గట్టిగా చదువుతాడు. హ్యూ మామయ్య అబద్ధం చెప్పడు. ఆయన ఏం చెబితే అది ఉన్నదున్నట్టు రాయి. గుడారంలో అందరూ అడుగుతున్నారు, మాక్సెన్ అయితే రోజూ అడుగుతున్నాడు."

హ్యూ ట్రెహార్న్ ఎలునెడ్ వాళ్ళ బొగ్గుగనుల లోయకి ఎంపీ. ఎలునెడ్‌తో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాడు. ఆమె ఇరవయ్యేళ్ళుగా వానలో తడుస్తూ ఇల్లిల్లూ తిరిగి అతనికి ఓట్లడిగింది. మంగళవారం లండన్‌లో ఇరాక్ యుద్ధం మీద పార్లమెంటు ఓటింగు. అతను యుద్ధం కావాలంటున్న ప్రభుత్వం వైపే ఓటేస్తానన్నాడు. ఎందుకు వేస్తున్నాడో వాళ్ళ ఊరైన నాంట్‌వెన్ పార్టీ శాఖకి చెప్పుకోవడానికి ఆ శనివారం మధ్యాహ్నం వస్తున్నాడు.

ఇక్కడ నాంట్‌వెన్‌లో అందరికీ తెలిసిన, ఎవరూ పైకి అనని ఒక పద్ధతి గురించి చెప్పాలి. ఎలునెడ్ పందొమ్మిదేళ్ళుగా శాఖ కార్యదర్శి. పగలు బడిపిల్లలకి వండి పెడుతుంది, సాయంత్రాలు మినిట్స్ రాస్తుంది. తేలిపోయిన విషయమైతే ఆ మినిట్స్ మీటింగుకి ముందే రాసేస్తుంది. క్రిస్మస్ విందు ఎక్కడ పెట్టాలి, రోడ్డు గుంతల మీద కౌన్సిల్‌కి ఉత్తరం రాయాలా వద్దా, ఇలాంటివాటికి మీటింగు అయ్యాక మళ్ళీ కూర్చుని రాయడం ఎందుకు? ప్రతిపాదించినవారు, బలపరిచినవారు, ఏకగ్రీవంగా ఆమోదం, అన్నీ పేర్లతో సహా సిద్ధంగా ఉంటాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారే ఇబ్బంది వచ్చింది. తీర్మానం బలపరిచాడని రాసిన పెద్దాయన ఆ ఉదయమే పోయాడు. ఎవరూ పట్టించుకోలేదు. బతికుంటే బలపరిచేవాడే కదా అనుకున్నారు.

గురువారం నాడు శాఖ అధ్యక్షుడు ఎమ్రిస్ బడి వంటశాల వెనక గుమ్మం దగ్గరికి వచ్చాడు. శనివారం తీర్మానం కూడా రాసి పెట్టెయ్యమన్నాడు. హ్యూ మనవాడు, అతన్ని కాదనేదెవరు, పైగా మూడింటికి పక్కలోయ జట్టుతో రగ్బీ ఆట ఉంది, రెండున్నరకల్లా హాలు ఖాళీ చెయ్యాలి అన్నాడు. ఎమ్రిస్ రగ్బీ క్లబ్బు కమిటీలో కూడా ఉన్నాడు. రెండింట్లో ఏది ముఖ్యమని అతన్ని అడగడం మర్యాద కాదు. ఎలునెడ్ బంగాళదుంపల పొయ్యి తగ్గించి, అక్కడే నిలబడి అరపేజీ రాసేసింది. కొడుకు ఉత్తరం వచ్చింది ఆ మర్నాడు. అప్పటికి ఆ పేజీ చింపడానికి లేదు. మినిట్స్ పుస్తకంలో పేజీలకి నంబర్లుంటాయి.

గని కార్మికులు ఒకప్పుడు వారానికి ఒక పెన్నీ చొప్పున వేసుకుని కట్టుకున్న హాలు అది. గని మూతపడి పద్ధెనిమిదేళ్ళయింది. కింది అంతస్తు ఇప్పుడు బింగో ఆటకి అద్దెకిచ్చారు. మీటింగులు పైన. ఆ శనివారం ఇరవై ఎనిమిది మంది వచ్చారు, మామూలుగా వచ్చేవాళ్ళకి మూడింతలు. ఉన్న ఒక్క గ్యాసు పొయ్యి చుట్టూ కుర్చీలు జరుపుకుని, ఎండుద్రాక్ష వేసి పెనం మీద కాల్చిన బిళ్ళలు టీలో ముంచుకుంటూ కూర్చున్నారు.

హ్యూ బాగా మాట్లాడతాడు. ఆ రోజూ బాగానే మాట్లాడాడు. ఆ దేశాన్ని ఏలేవాడు ఎలాంటివాడో చెప్పాడు, సొంత జనాన్నే ఎలా చంపాడో చెప్పాడు. అందులో ఒక్క ముక్కకీ ఎవరూ అడ్డు చెప్పలేదు, అది నిజం కాబట్టి. తర్వాత ఆయుధాల దగ్గరికి వచ్చాడు. ఊళ్ళకి ఊళ్ళని చంపగల విషాలు దాచి ఉంచారన్నాడు. ఈ రోజు మనం కదలకపోతే రేపు బాధపడతామన్నాడు. చివర్లో గొంతు తగ్గించి, "నేను చూసిన కాగితాలు మీరు చూసి ఉంటే, మీరూ నాలాగే ఓటేసేవాళ్ళు" అన్నాడు. ఎలునెడ్ ఆ వాక్యాన్ని ఒక్క అక్షరం పోకుండా రాసుకుంది. ఇద్రిస్‌కి పంపవలసిన జవాబు ఇదేనేమో అనుకుంది. మనసు కాస్త తేలికపడింది కూడా.

వెనక వరసలో గ్లిన్ హవెల్స్ చెయ్యెత్తాడు.

గ్లిన్‌కి డెబ్భై నాలుగేళ్ళు. ఇద్రిస్‌తో ఒకే గుడారంలో ఉన్న మాక్సెన్ అతని మనవడు. గనిలో ముప్ఫై ఏళ్ళు గ్యాస్ చూసే పని చేశాడు. కార్మికులు దిగకముందే ఒక్కడూ దీపం పట్టుకుని లోపల తిరిగి, ఎక్కడ పేలే గ్యాస్ పోగయిందో చూసి వచ్చే పని అది. హ్యూ తండ్రి కూడా అదే పని చేసేవాడు, ఇద్దరూ వంతులవారీగా దిగేవాళ్ళు.

"హ్యూ నాయనా, ఒక చిన్న సంగతి. మీ నాన్న గని లోపలికెళ్ళి చూసొచ్చాడని జనం ఎలా నమ్మేవాళ్ళు?"

హ్యూ నవ్వాడు. ఆ లోయలో పుట్టిన పిల్లలందరికీ వచ్చిన పాఠం అది. "సుద్దముక్కతో రాసి వచ్చేవాడు బాబాయ్. పేరులో పొడి అక్షరాలు, తారీకు."

"ఎక్కడ రాసేవాడు?"

"చూసినచోట. ఆ బండ మీదే."

"పైన ఆఫీసులో కూర్చుని రాస్తే?"

"ఎవడూ దిగేవాడు కాదు."

"నిన్నటి తారీకుంటే?"

"దిగేవాళ్ళు కాదు బాబాయ్."

"అంతే కదా. మరి నువ్వు చెప్పే ఆ విషాల దగ్గర సుద్ద గుర్తు ఎవరిది? తారీకు ఎప్పటిది?"

కుర్చీల్లో కాస్త కదలిక వచ్చింది. హ్యూ నవ్వు తగ్గించి, గూఢచారుల పేర్లు బయటపెడితే వాళ్ళ ప్రాణాలకే ముప్పని ఓపిగ్గా వివరించాడు. పేర్లు తనకి అక్కర్లేదని, తారీకు చెబితే చాలని గ్లిన్ అన్నాడు. చివరికి హ్యూ, ఆ విషాల లెక్కలు చాలావరకు పాత తనిఖీలవని, నాలుగైదేళ్ళ కిందటివని ఒప్పుకున్నాడు. మరి చలికాలం మొదట్నుంచి ఆయుధాలు వెతికే తనిఖీవాళ్ళు మళ్ళీ అక్కడే తిరుగుతున్నారు కదా, వాళ్ళకేం కనపడిందని గ్లిన్ అడిగాడు. చెప్పుకోదగ్గది ఇంకా ఏమీ దొరకలేదని హ్యూ అన్నాడు. దొరకలేదంటే అంత బాగా దాచారని అర్థం అన్నాడు.

"గ్యాస్ కనపడకపోతే దాక్కుందని రాసేవాళ్ళం కాదు నాయనా," అన్నాడు గ్లిన్.

జనం నవ్వారు. హ్యూకి ముఖం ఎర్రబడింది. అతను తెలివితక్కువవాడు కాదు, ఆ మాట పట్టుకునే ఎదురొచ్చాడు.

"అదే అంటున్నాను బాబాయ్. అనుమానం ఉంటే మీరేం చేసేవాళ్ళు? నిరూపణ అయ్యేదాకా చూస్తూ కూర్చున్నారా? ఉందేమో అనిపిస్తే చాలు, మనుషుల్ని కదిలించేవాళ్ళు కదా?"

"కదిలించేవాళ్ళం," అన్నాడు గ్లిన్. "బయటికి. నా మనవణ్ణీ ఎలునెడ్ కొడుకునీ మీరు లోపలికి పంపుతున్నారు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎలునెడ్ కలం ఆగింది. ఆమెకి గ్లిన్ మీద కోపం వచ్చింది, ముందు అదే వచ్చింది. తను కొడుక్కి రాయబోయే జవాబుని ఆ ముసలాయన చేతిలోంచి లాక్కున్నట్టనిపించింది. గ్లిన్ మాత్రం ఇంకా కూర్చోలేదు. నువ్వు చూసిన కాగితాలు అన్నావే, అవేమిటి, మాకు లేనివా అని అడిగాడు. హ్యూ నీళ్ళ గ్లాసు తీసుకున్నాడు. తాగకుండానే పక్కన పెట్టాడు.

"ప్రభుత్వం అచ్చేసి పంచిందే. లైబ్రరీలో ఉంది, మీరూ చూసుంటారు."

"అది కాక?"

"అది కాక నాకెవరూ ఏమీ చూపించలేదు."

ఎలునెడ్ అదీ రాసింది. నేను చూసిన కాగితాలు మీరు చూసి ఉంటే అన్న వాక్యానికి సరిగ్గా ఏడు వరసల కింద పడింది అది. ఒకే మనిషి మాటలు, ఒకే పేజీలో.

అప్పటికి రెండూ ఇరవై ఎనిమిది అయింది. ఎమ్రిస్ గడియారం వైపు, కిటికీలోంచి మైదానం వైపు, మళ్ళీ గడియారం వైపు చూశాడు. చర్చ చాలా బాగా జరిగిందని, అందరికీ ధన్యవాదాలని గబగబా అన్నాడు. ఎలునెడ్ ముందున్న పుస్తకం తనవైపు లాక్కున్నాడు. తీర్మానం చదివేస్తే చేతులెత్తి వెళ్ళిపోవచ్చని అతని ఆత్రం. పేజీ వెనక్కి తిప్పి, కళ్ళద్దాలు సర్దుకుని, కోరస్‌లో పాడేవాడి గొంతుతో మొదలుపెట్టాడు. గబగబా చదివే మనిషికి ఎక్కడ ఆగాలో తెలియదు.

"మన ఎంపీ గారి వివరణ విన్న మీదట, సుదీర్ఘమైన చర్చ జరిగిన మీదట, వారిమీద ఈ శాఖ తన సంపూర్ణ విశ్వాసాన్ని తెలియజేస్తున్నది. ప్రతిపాదించినవారు గ్లిన్ హవెల్స్. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది."

గ్లిన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు.

"నేనెప్పుడు ప్రతిపాదించాను?" అన్నాడు గ్లిన్. అతనికి నిజంగానే అర్థం కాలేదు.

ముందు ఒకరు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. ఎమ్రిస్ కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఇంకో రోజైతే ఆ నవ్వుతోనే విషయం తేలిపోయేది, ఆ ఏడాదంతా క్లబ్బులో చెప్పుకునేవాళ్ళు. కానీ ఎలునెడ్ లేచి నిలబడింది. పందొమ్మిదేళ్ళలో ఆమె ఆ గదిలో లేచి మాట్లాడటం అదే మొదలు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

"అది నేను గురువారం రాశాను. పొయ్యి మీద దుంపలు ఉడుకుతుంటే రాశాను. ఎమ్రిస్ రాయమన్నాడు కానీ రాసింది నేను. గ్లిన్ బాబాయ్ పేరు కూడా నేనే వేశాను, ఎప్పుడూ ఆయనే కదా అని."

ఎమ్రిస్ కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె కూర్చోలేదు. హ్యూ వైపు తిరిగింది. అతని ముఖం చూశాక ఆమెకి అడగవలసిన ప్రశ్న దానంతటదే దొరికింది. ఆ ముఖం ఆమెకి ఆరేళ్ళ వయసు నుంచి తెలుసు. లెక్క తప్పు చేసి చెరిపేసినప్పుడు అలాగే ఉండేవాడు.

"తీర్మానం ముందు రాసుకుని చర్చ తర్వాత పెట్టడం నాకు బాగా తెలిసిన పనే హ్యూ. నేను రాసింది గురువారం. నువ్వెప్పుడు రాశావు?"

"ఏమిటి రాయడం?"

"నీ ఓటు. ఎప్పుడు మాటిచ్చావు?"

హ్యూ తప్పించుకోవచ్చు. అది పార్టీ లోపలి సంగతి అనొచ్చు. మీ అమ్మకి ఒంట్లో ఎలా ఉందని అడిగినంత మామూలుగా ఆమె అడిగేసరికి అతను అబద్ధం చెప్పలేకపోయాడు.

"నవంబరులో."

"ఏం చూసి?"

"ఏదీ చూసి కాదు. మన పార్టీ పెద్దలు అడిగారు. ఇస్తానన్నాను. కారణాలు తర్వాత చదువుకున్నాను."

ఎలునెడ్ కూర్చుని అది రాసింది. నవంబరులో ఇద్రిస్ ఇంకా జర్మనీలోని తమ సైన్యం శిబిరంలో ఉన్నాడు. క్రిస్మస్‌కి సెలవు దొరకదేమో అని ఫోనులో గొణుగుతున్నాడు. అప్పటికే వాడి పేరు ఎవరో ఎక్కడో వేసేశారన్నమాట, తను గ్లిన్ పేరు వేసినట్టు. అది తలుచుకుంటే ఆమెకి ఒళ్ళు మండింది. హ్యూ మీద ఎంతో తన మీదా అంతే మండింది.

ఆ తర్వాత జరిగింది చకచకా జరిగిపోయింది. పాత తీర్మానం కొట్టేసి, పక్కన ఎమ్రిస్ చేత సంతకం పెట్టించారు. మంగళవారం యుద్ధానికి వ్యతిరేకంగా ఓటెయ్యమని ఎంపీని కోరుతూ గ్లిన్ కొత్తది ప్రతిపాదించాడు, ఈసారి తన నోటితోనే. పద్ధెనిమిది చేతులు లేచాయి. ఐదుగురు వద్దన్నారు. మిగిలినవాళ్ళు టీ కప్పుల్లోకి చూశారు. శాఖ కోరడమే కానీ ఎంపీని ఆజ్ఞాపించలేదని, అతను వినాలనేమీ లేదని అందరికీ తెలుసు. మూడుకి ఐదు నిమిషాలుండగా మెట్లన్నీ చప్పుడు చేసుకుంటూ జనం మైదానానికి పోయారు. ఎమ్రిస్ అందరికంటే ముందు పోయాడు.

గ్లిన్ ఆటకి వెళ్ళలేదు. ఎలునెడ్ ఇల్లు అతని ఇంటి దారిలోనే. కింద గుమ్మంలో ఉంటాను, కలిసి పోదాం అని చెప్పి కర్ర టకటకలాడించుకుంటూ దిగాడు.

పైన హ్యూ కుర్చీలు ఒకదానిమీద ఒకటి పెడుతూ ఉండిపోయాడు. ఆ పని అతనికి ఎవరూ చెప్పలేదు. నాలుగు కుర్చీలు పేర్చాక ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఆ నవంబరు మాట తీసెయ్యి ఎలునెడ్."

సోమవారం పొద్దున ఆ మినిట్స్ నకళ్ళు లోయలోని పదకొండు శాఖలకీ వెళ్తాయి. ఒకటి వారపత్రికకి వెళ్తుంది. ఎక్కడా వార్త లేనప్పుడు వాళ్ళు రోడ్డు గుంతల తీర్మానమే అచ్చేస్తారు, ఇది వదులుతారా. ఎలునెడ్ అది చెప్పలేదు. కుదరదని మాత్రం అంది. పేజీలకి నంబర్లున్నాయంది. అందరూ విన్నారంది.

"విన్నవాళ్ళు తలా ఒకలా చెబుతారు. రాసింది మాత్రమే నిలుస్తుంది. పేజీ చింపక్కర్లేదు. మూడు వరసలే కదా, కొట్టేసి పొరపాటు అని రాయి. నువ్వు రాస్తే ఎవరూ అడగరు."

"పోయినసారి ఎవరూ అడగరనే రాశాను," అంది ఎలునెడ్.

అతను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. కోపం లేదు, బతిమాలడం లేదు. బాగా అలిసిపోయి ఉన్నాడు. ఇద్రిస్ ఏ దళంలో ఉన్నాడని అడిగాడు. ఆమె చెప్పింది. జర్మనీ శిబిరంలో బళ్ళ షెడ్డు ఉంది కదా, అక్కడికి పనివాళ్ళు చాలటం లేదని అతను అన్నాడు. రెజిమెంటు కార్యాలయంలో తనకో మనిషి తెలుసన్నాడు. చేతిపని బాగా వచ్చినవాణ్ణి ఒకణ్ణి వెనక్కి పిలిపించుకోవడం పెద్ద విషయం కాదు, ఒక్క ఫోను చాలన్నాడు.

"ఇది బేరం కాదు," అన్నాడు.

"కాదు మరి."

"నేను వాణ్ణి ఎత్తుకుని తిరిగాను ఎలునెడ్."

అది నిజమే. ఆమె భర్త ట్రెవర్ పోయినప్పుడు, బొగ్గు దుమ్ము ఆ మనిషి ఊపిరితిత్తుల్ని పూర్తిగా తినేసినప్పుడు, శవపేటిక మోసిన ఆరుగురిలో హ్యూ ఒకడు. అప్పుడు ఇద్రిస్‌కి పదకొండేళ్ళు. శ్మశానం నుంచి ఇంటిదాకా వాణ్ణి భుజం మీద మోసుకొచ్చింది కూడా అతనే.

"మాక్సెన్?" అంది.

హ్యూ కిటికీ వైపు చూశాడు. మైదానంలో జనం ఒక్కసారిగా హోరుమన్నారు, ఎవరో బంతితో గోలు గీత దాకా వెళ్ళినట్టుంది. "ఒకరి పేరు చెప్పగలను. ఇద్దరంటే అడుగుతారు."

ఎలునెడ్ మూడు వరసలనీ చదివింది. చక్కటి రాత ఆమెది. మినిట్స్ రాసేటప్పుడు ఆమె చెయ్యి ఎప్పుడూ తడబడదు, ఇప్పుడూ తడబడలేదు. ఆ మూడు వరసలూ ఉంటే మంగళవారం ఏదైనా మారుతుందా? వందల మంది ఓట్లేసే చోట ఒక్క హ్యూ ఓటు ఎంత? ఏమీ మారకపోవచ్చు. మారినా మారకపోయినా అవి నిజం. ఆ నిజమే కొడుకు ఆమెను రాసి పంపమన్నాడు. ఆమెకి ఇవన్నీ తెలుసు, ఎవరూ చెప్పనక్కర్లేదు. వాడు బతికి తిరిగొస్తే చాలన్నదీ ఆమెకి అంతే బాగా తెలుసు.

కింది నుంచి గ్లిన్ కేకేశాడు. "అమ్మాయ్, చినుకులు మొదలయ్యాయి. వస్తున్నావా?"

"వస్తున్నా బాబాయ్," అని మెట్ల వైపు తిరిగి జవాబిచ్చింది.

తర్వాత కలం మూత తీసింది. హ్యూ ముఖం చూడలేదు. కిందికి వినపడకుండా, పాలవాణ్ణి అడిగినంత మామూలుగా అడిగింది.

"వాణ్ణి ఏ రోజుకల్లా వెనక్కి పంపిస్తారు?"